అతి పెద్ద ప్రధాన సంఖ్య: అపోహలు, వాస్తవాలు

2024 అక్టోబరులో 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్యేనని తేలింది. జింప్స్ అనే స్వచ్ఛంద గణన ప్రాజెక్టు ద్వారా ల్యూక్ డ్యురాంట్ దీన్ని కనుగొన్నారు. ఇందులో 4,10,24,320 అంకెలున్నాయి. పుటకు 3,000 అంకెల చొప్పున అచ్చు వేసినా 13,000 పుటలు దాటుతుంది. వార్తలన్నీ ఈ పరిమాణం చుట్టూనే తిరిగాయి. సంఖ్యా సిద్ధాంతం బోధించే నాకు మాత్రం దాని రూపమే, అంటే 2ను ఒక ఘాతాంకానికి పెంచి 1 తీసేయడమే, ముఖ్యం. తరగతిలో వినిపించే అపోహల్లో చాలావరకు ఆ రూపాన్ని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఇదే చిట్టచివరి ప్రధాన సంఖ్య.

ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే నిరూపించారు. ఇది మనకు తెలిసినవాటిలో పెద్దది, అంతే. దీనికన్నా చిన్నవైన ప్రధాన సంఖ్యల్లోనూ మనం ఎన్నడూ చూడనివి లెక్కలేనన్ని ఉన్నాయి.

అపోహ: ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే ఫలితమూ ప్రధాన సంఖ్యే.

2, 3, 5, 7 ఘాతాంకాలతో 3, 7, 31, 127 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో నమ్మకం కుదురుతుంది. ఆ వెంటనే 11 దగ్గర దెబ్బ తింటాం: 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఫలితం ప్రధాన సంఖ్య కావాలంటే ఘాతాంకం ప్రధాన సంఖ్య కావడం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. ఈ రూపంలోని సంఖ్యలను ఎవరి పేరుతో పిలుస్తామో ఆ మెర్సెన్ కూడా 1644 నాటి జాబితాలో 67ను పొరపాటున చేర్చారు.

అపోహ: ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలంటే కారణాంకాలు వెతకాల్సిందే.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇది. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని గణితవేత్త లూకా 1876లో ఒక్క కారణాంకం కూడా చెప్పకుండానే నిరూపించారు. అది 193707721 × 761838257287 అని మరో గణితవేత్త కోల్ చూపించింది 1903లో!

కారణాంకాలు వెతక్కుండానే తేల్చే లూకా-లేమర్ పరీక్షను 127 మీద చేసి చూద్దాం. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. వరుసగా 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. ఘాతాంకం 7 కాబట్టి ఐదు అడుగులు వేయాలి. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్యే. 2047కు ఇదే పని తొమ్మిది అడుగులు చేస్తే 1736 మిగులుతుంది, కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు. 23, 89 ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు.

2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన అగ్రవాల్, కయాల్, సక్సేనా ఏ సంఖ్యకైనా పనికొచ్చే పద్ధతి ఇచ్చారు కదా అని విద్యార్థులు అడుగుతారు. సిద్ధాంతపరంగా అది గొప్ప ఫలితం. కానీ ఇంత పెద్ద సంఖ్యల దగ్గర దాని వేగం చాలదు.

అపోహ: అతి పెద్ద ప్రధాన సంఖ్యలకు మెర్సెన్ రూపం ఉండడం ప్రకృతి నియమం.

నియమమేమీ లేదు, మనం వెతికేది అక్కడే. పైన చూసిన పరీక్ష ఆ రూపానికే ప్రత్యేకం. పైగా భాగహారం దాదాపు ఉచితం: ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య మొత్తం 1లే. 9తో భాగిస్తే వచ్చే శేషాన్ని అంకెలు కూడి కనుక్కున్నట్టే, ఇక్కడా వర్గం చేయగా వచ్చిన సంఖ్యను ముక్కలు చేసి కూడితే సరిపోతుంది.

అపోహ: బ్యాంకుల రహస్య సంకేతాలకు ఇలాంటి రికార్డు సంఖ్యలే ఆధారం.

ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతిలో 2048 బిట్ల తాళానికి కావలసినవి సుమారు 308 అంకెల ప్రధాన సంఖ్యలు రెండు. వాటిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు, ఎవరికీ చెప్పరు. ఊరంతా తెలిసిన సంఖ్య రహస్యానికి ఎలా పనికొస్తుంది?

అలాగని ఈ వేట వృథా కాదు. దీనికోసం రాసిన ప్రైమ్95 ప్రోగ్రాంతో కంప్యూటర్ల సామర్థ్యాన్ని పరీక్షిస్తారు. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలోని ఒక లోపం 2016లో బయటపడింది ఈ ప్రోగ్రాం నడుపుతున్నప్పుడే.