మాక్స్‌బెర్గ్ పక్షి మాయమైన కథ

2025 జులైలో న్యూయార్క్‌లోని సదబీస్ వేలంలో సెరటోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఒకటి 3 కోట్ల డాలర్లకు పైగా పలికింది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. శిలాజాలు వ్యక్తుల చేతుల్లో ఉండొచ్చా?

ఈ చర్చకు మూలం ఆర్కియోప్టెరిక్స్‌లో వెతకాలి. పక్షిలా ఈకలు, డైనోసార్‌లా పళ్లు ఉన్న ఆదిమ పక్షి అది. పరిణామ సిద్ధాంతానికి సాక్ష్యంగా డార్విన్ కాలంలో అది సంచలనం రేపింది. అసలు మలుపు 1956లో వచ్చింది. జర్మనీలోని బవేరియాలో, లాంగెనాల్ట్‌హైమ్ దగ్గర సున్నపురాయి క్వారీలో మూడో అస్థిపంజరం బయటపడింది. తల లేదు, తోక లేదు. అయినా చిన్న విషయం కాదు, అప్పటికి ప్రపంచంలో ఉన్నవి రెండే. 1959లో శిలాజ శాస్త్రవేత్త ఫ్లోరియన్ హెల్లర్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. మాక్స్‌బెర్గ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టడంతో ఆ పేరే నిలిచింది.

అమ్మకం గురించి బేరాలు నడిచాయి గానీ తెగలేదు. పన్ను కట్టాల్సి రావడం క్వారీ యజమానికి నచ్చలేదంటారు. 1974లో ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. పరిశోధకులు ఎంత అడిగినా చూపించలేదు. 1991లో ఆయన చనిపోయాక ఇల్లంతా వెతికారు, దొరకలేదు. దొంగతనమేమోనని పోలీసులు విచారించినా ఆచూకీ లేదు. మిగిలినవి అచ్చులు, ఫొటోలు, ఎక్స్‌రేలు మాత్రమే.

సేకర్తలు లేకపోతే ఎన్నో శిలాజాలు క్వారీల్లోనే పొడైపోయేవన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కొన్నవాళ్లు మ్యూజియానికి అరువిస్తారనీ అంటారు. మాక్స్‌బెర్గ్ శిలాజమూ 1974 దాకా అలా మ్యూజియంలో ఉన్నదే.

షికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి 2022లో చేరిన ఆర్కియోప్టెరిక్స్‌ను చూడండి. అది కూడా ఏళ్ల తరబడి ప్రైవేటు చేతుల్లో ఉన్నదే. మ్యూజియంలో దాన్ని సీటీ స్కాన్ చేశారు, అతినీలలోహిత కాంతిలో మెరిసే మెత్తటి కణజాలం పోకుండా రాతిని కొద్దికొద్దిగా తొలిచారు. అలా భుజానికీ మోచేతికీ మధ్య పొడవాటి ఈకలు బయటపడ్డాయి. రెక్కకూ ఒంటికీ మధ్య సందును మూసేవి అవే. ఆ సందు తెరిచి ఉంటే గాలి జారిపోతుంది, ఎగరడం కష్టం. 2025లో 'నేచర్' ఈ పరిశోధనను ప్రచురించింది.

మాక్స్‌బెర్గ్ పక్షికీ అలాంటి ఈకలున్నాయా? ప్లాస్టర్ అచ్చు మీద ఎంత అతినీలలోహిత కాంతి వేసినా ఆ జవాబు రాదు. రాయి కావాలి.