పదో తరగతి ఇంగ్లీషు సాహిత్యం: అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరిచాక నెల్లూరు, కావలి, ఒంగోలు ట్యూషన్లలో ఒకటే మాట వినపడుతుంది: "లెక్కలు, సైన్సు చూసుకోండి, ఇంగ్లీషుదేముంది, అదే వస్తుంది." పాసు మార్కులు అవే వస్తాయి, నిజమే. మంచి గ్రేడు మాత్రం అదే రాదు. సీబీఎస్ఈలో 80 మార్కుల ఇంగ్లీషు పేపర్లో 40 సాహిత్యానివే. ఆ 40లో పోయే మార్కుల్లో చాలావరకు భాష రాక పోయేవి కావు, పాఠం చేతిలో పట్టుకుని చదవక పోయేవి.

ఇక్కడిచ్చిన మార్కుల లెక్కలు ఇటీవలి సీబీఎస్ఈ నమూనా పేపర్లవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర బోర్డు పదో తరగతిలోనూ ఇప్పుడు ఇవే ఎన్సీఈఆర్టీ పాఠాలు కాబట్టి చదివే పద్ధతి ఇద్దరికీ పనికొస్తుంది. ప్రశ్నల అమరిక వేరు, దానికి మీ బోర్డు బ్లూప్రింటు (ఏ భాగం నుంచి ఎన్ని మార్కులకు ఏ ప్రశ్నలో చెప్పే పట్టిక) చూసుకోండి.

అపోహ: గైడు నోటికొస్తే సాహిత్యం అయిపోయినట్టే

పుస్తకాల అంగట్లో జనవరి నుంచి బేరమంతా గైడ్లదే. గైడు తప్పు కాదు, దానితో మొదలుపెట్టడం తప్పు. 'ఎ లెటర్ టు గాడ్' పాఠాన్నే తీసుకోండి. పంట పోయిన రైతు లెంచో ఉత్తరం రాసి దేవుణ్ణి అడిగింది 100 పెసోలు, పోస్టుమాస్టరు పోగుచేసి దేవుడి పేరుతో పంపిన కవర్లో వచ్చింది 70. ఇంతవరకు గైడు చదివిన ప్రతివాడికీ తెలుసు. పరీక్షలో ప్రశ్న ఇంత తిన్నగా రాకపోవచ్చు. పోస్టుమాస్టరు చేసిన మేలుకు దక్కిన ఫలం ఏమిటి, అందులో ఐరనీ (అనుకున్నదానికి విరుద్ధంగా జరగడం) ఎక్కడుంది అని అడగొచ్చు. బట్టీ పట్టిన పిల్లవాడు తనకొచ్చిన "దేవుడి మీద లెంచో నమ్మకం" పేరాను దించేస్తాడు. చక్కటి ఇంగ్లీషే, తప్పులూ ఉండవు. కానీ తనకు సాయం చేసినవాళ్లనే లెంచో దొంగల ముఠా అన్నాడన్న ముక్క అందులో లేదు. అడిగింది ఆ ముక్కే.

ఇంకో చిక్కుంది. పాఠం చదవకుండా సారాంశం మాత్రమే చదివితే మిగతాది మన ఊహే పూరిస్తుంది. పంట పోయిందనగానే మన పిలకాయల పెన్ను తుఫాను, వరద అని రాసేస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో మనకు పైరు పోయేది వాటితోనే మరి. లెంచో పొలం మీద పడింది వడగళ్లు, పోయింది మొక్కజొన్న.

పాఠాన్ని మూడుసార్లు చదవాలి. మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా, కథ కోసం. రెండోసారి పెన్సిలుతో: ఎవరి మనసు ఎక్కడ మారింది, ఎక్కడ అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి అయింది, ఆ వాక్యాల పక్కన గీత పెట్టాలి. మూడోసారి గీత పెట్టిన చోట్ల నుంచి అయిదారు చిన్న పదబంధాలు, రెండు మూడు మాటలకు మించకుండా, నోటుబుక్కులో ఎక్కించాలి. ఒక వచన పాఠానికి ముప్పావు గంట, పద్యానికి ఇరవై నిమిషాలు చాలు. గైడు తెరవాల్సింది ఆ తర్వాత, అదీ మీ జవాబు మీరు రాసుకున్నాక, పోల్చి చూడటానికి.

అపోహ: ఇంపార్టెంట్ ప్రశ్నలు చూసుకుంటే చాలు, చాయిస్ ఉంటుందిగా

ఉంటుంది, ఎంత ఉంటుందో లెక్క చూడండి. వచనం నుంచి ఒక ఎక్స్‌ట్రాక్టు (పాఠంలోని కొన్ని వాక్యాలిచ్చి వాటి మీద అడిగే ప్రశ్నలు), పద్యం నుంచి ఒకటి, చెరి 5 మార్కులు. ఒక్కోదానికి ఇచ్చిన రెండింటిలో ఒకటి రాయాలి. మొదటి పాఠ్యపుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్' నుంచి 3 మార్కుల ప్రశ్నలు అయిదిస్తే నాలుగు రాయాలి. రెండో పుస్తకం 'ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్' నుంచి మూడిస్తే రెండు. ఆపైన 6 మార్కుల పెద్ద ప్రశ్నలు ఒక్కో పుస్తకం నుంచి ఒక్కోటి, రెండిస్తే ఒకటి.

అంటే అయిదింటిలో వదిలేసే వీలున్నది ఒక్కదాన్ని. ఫస్ట్ ఫ్లైట్‌లో వచనం, నాటిక కలిపి 9, పద్యాలు 10. వాటిలో సగం వదిలేసి "చాయిస్‌లో పోతాయిలే" అనుకోవడం జూదం. రెండో పుస్తకాన్ని కథలే కదా అని పక్కన పడేసేవాళ్లున్నారు. దాని వాటా 6, 6 కలిపి 12 మార్కులు. నిజానికి తక్కువ కష్టంతో వచ్చే 12 అవి. 9 కథలు, రోజుకొకటి చదివినా పది రోజుల్లో ముగుస్తాయి.

అపోహ: ఎంత ఎక్కువ రాస్తే అన్ని మార్కులు

చిన్న జవాబుకు 40–50 మాటలు, పెద్దదానికి 100–120. ఇది పేపర్లోనే రాసి ఉంటుంది. దిద్దేవారి దగ్గర ఉండే మార్కింగ్ స్కీములో ప్రతి ప్రశ్నకూ రావలసిన విషయాలు ఉంటాయి. వాటితోపాటు చెప్పిన తీరు, భాషలో తప్పొప్పులు చూస్తారు. పేజీలు నింపినందుకు అందులో గడి లేదు.

ఎక్కువ రాస్తే జరిగే అసలు నష్టం వేరు. 'ది నెక్లెస్' మీద ప్రశ్న వచ్చిందనుకోండి: మటిల్డా కష్టాలకు ఆమె ఆడంబరమే కారణమా? చాలామంది ఆహ్వానం వచ్చిన దగ్గర్నుంచి కథ చెప్పడం మొదలుపెడతారు. గౌను, విందు, నాట్యం… నగ పోయే సరికే 120 మాటలు అయిపోతాయి. కారణం ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

దీన్ని ఇలా కట్టాలి. మొదటి వాక్యంలోనే తీర్పు: అవును, ఎక్కువగా ఆడంబరమే, నిజం చెప్పలేకపోవడం దానికి తోడైంది. తర్వాత రుజువులు మూడు నాలుగు, ఒక్కోటి ఒక్క వాక్యంలో: గౌనుకు 400 ఫ్రాంకులు తీసుకుని కూడా నగ లేదని బాధపడటం, అరువు నగ పోయిన సంగతి స్నేహితురాలికి చెప్పకుండా 36,000 ఫ్రాంకులకు అలాంటిదే కొని ఇవ్వడం, పదేళ్లు చాకిరీ చేసి అప్పు తీర్చడం, చివరికి ఆ మొదటి నగ 500 ఫ్రాంకులకు మించనిదని తేలడం. ప్రతి రుజువు పక్కనా అది ప్రశ్నకు ఎలా తగులుతుందో అయిదారు మాటలు. చివరి వాక్యం మళ్లీ ప్రశ్న దగ్గరికి. కథ మొత్తం చెప్పక్కర్లేదు, దిద్దేవారికి కథ తెలుసు.

పెద్ద ప్రశ్నల్లో రెండు పాఠాలనో రెండు పాత్రలనో కలిపి అడిగే రకం కూడా ఉంది. దానికి ముందే జతలు వేసుకుని ఉంచుకోండి. ఉదాహరణకు 'ది థీఫ్స్ స్టోరీ', 'ఎ క్వశ్చన్ ఆఫ్ ట్రస్ట్': రెండింట్లోనూ దొంగే నాయకుడు. ఒకదాంట్లో అనిల్ నమ్మకం దొంగ హరిసింగ్‌ను వెనక్కి రప్పిస్తుంది, కొట్టేసిన 600 రూపాయలు ఉన్నచోటే పెట్టిస్తుంది. ఇంకోదాంట్లో హోరేస్ డాన్బీ ఇంకొకరిని నమ్మి జైలుకు పోతాడు. ఇలాంటి జతలు అయిదారు తయారుచేసుకుంటే ఎటు తిప్పి అడిగినా పనికొస్తాయి.

అపోహ: పద్యంలో అలంకారం పేరు రాస్తే మార్కు పడ్డట్టే

పేరు మాత్రమే అడిగితే పడుతుంది. ఎందుకు వాడాడు అంటే పేరుతో ఆగకూడదు. పేరు, పద్యంలోని మాట, దానివల్ల ఏం తెలిసింది: ఈ మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. 'ఫాగ్' ఆరు పాదాల పద్యం. పొగమంచు పిల్లి పాదాలతో వస్తుందంటాడు కవి. పోలిక కనపడగానే సిమిలీ అని రాసేస్తారు. 'లైక్', 'యాజ్' లాంటి మాట లేదు కాబట్టి అది మెటాఫర్. తెలుగు క్లాసులో ఉపమకూ రూపకానికీ తేడా తెలిసిన పిల్లకు ఇది కొత్త కాదు, ఆ నోట్సే ఇక్కడా తీయమనండి. ఆపైన చెప్పాల్సింది: మంచు చప్పుడు చేయకుండా వచ్చి, కాసేపు కూర్చుని, తన దారిన పోతుంది.

రైమ్ స్కీము (పాదాల చివరి చప్పుళ్లు కలిసే వరుస) దగ్గర మాత్రం తెలుగు అలవాటు అడ్డొస్తుంది. మన పద్యంలో ప్రాస రెండో అక్షరంలో వెతుకుతాం, ఇంగ్లీషులో చూడాల్సింది పాదం చివర. అదీ స్పెల్లింగు కాదు, చప్పుడు. 'డస్ట్ ఆఫ్ స్నో' ఎనిమిది పాదాలు: క్రో, మీ, స్నో, ట్రీ; హార్ట్, మూడ్, పార్ట్, రూడ్. కళ్లతో చూస్తే 'మూడ్' (mood), 'రూడ్' (rued) అక్షరాలు కలవవు, అక్కడే తప్పు రాస్తారు. పైకి చదివితే కలుస్తాయి: ఏ బీ ఏ బీ, సీ డీ సీ డీ. అన్ని పద్యాలకూ రైమ్ ఉండదు. 'ఫాగ్' ఫ్రీ వర్స్, అంటే రైమ్ నియమం లేని పద్యం, దానికి స్కీము కల్పించి రాయకూడదు.

అపోహ: ఇంగ్లీషు దంచి మాట్లాడే పిల్లలకే ఇందులో మార్కులు

కాదు. పొట్టి వాక్యాలు, తప్పుల్లేనివి చాలు. పరీక్షల ముందు మిగిలిన ఈ కొద్ది వారాల్లో వ్యాకరణం మొత్తం కాకుండా మన పిల్లలకు పదేపదే పడే తప్పులు మూడు చూసుకోండి. కథ గురించి రాసేటప్పుడు వర్తమాన కాలంలో మొదలుపెట్టి మధ్యలో భూతకాలంలోకి జారడం. 'లెంచో బిలీవ్స్' అనాల్సిన చోట 'లెంచో ఈజ్ బిలీవింగ్' అనడం. తెలుగులో లేవు కాబట్టి 'ఏ', 'ద'లు ఎగిరిపోవడం. రాసిన జవాబును ఈ మూడింటికోసమే ఒకసారి తిరగేస్తే ఒకటి రెండు నిమిషాలకంటే పట్టదు. కాపీ కొట్టిన గంభీరమైన మాటలు వద్దు. పక్క వాక్యంలో క్రియ తప్పితే ఆ మాట అరువుదని ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: సాహిత్యాన్ని చదివితే చాలు, రాసి చూడక్కర్లేదు

లెక్కలు చూసి నేర్చుకోలేనట్టే ఇదీ. రోజూ రెండు 3 మార్కుల జవాబులు గడియారం పెట్టుకుని, ఒక్కోటి అయిదు నిమిషాల్లో. రెండు రోజులకొకటి 6 మార్కులది, పన్నెండు నిమిషాల్లో. సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైటులో నమూనా పేపర్లు, వాటి మార్కింగ్ స్కీములు ఉచితంగా ఉన్నాయి. రాసిన జవాబు పక్కన స్కీము పెట్టుకుని, అందులో ఉన్న ఏ విషయం మీరు రాయలేదో ఎర్రపెన్నుతో అక్కడే రాయండి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా గడియారం పట్టుకుని కూర్చోగలరు.

పరీక్షలో మూడు గంటలకు లెక్క: రీడింగుకు 40 నిమిషాలు, రైటింగు, గ్రామరుకు 45, సాహిత్యానికి 75. ఈ 75లో ఎక్స్‌ట్రాక్టులు రెండూ 20, చిన్న జవాబులు ఆరూ 30, పెద్దవి రెండూ 25. మిగిలిన ఇరవై నిమిషాలు తిరగేసుకోవడానికి. ముందిచ్చే 15 నిమిషాల్లో చాయిస్‌లన్నీ తేల్చుకుని, ఏది రాస్తారో మనసులో ఖాయం చేసుకోండి. రాస్తూ రాస్తూ ప్రశ్న మార్చుకుంటే పోయిన అయిదు నిమిషాలు చివరి పెద్ద జవాబు నుంచే కోతపడతాయి.

అపోహ: దస్తూరీ బాగుంటే మార్కులు వేసేస్తారు

చదవడానికి వీలుగా ఉంటే చాలు. ముత్యాల్లాంటి అక్షరాల కోసం వేగం తగ్గించుకోవద్దు. జవాబుకూ జవాబుకూ మధ్య రెండు లైన్లు వదలండి, పేపర్లో ఉన్న ప్రశ్న నంబరే వేయండి. ఎక్స్‌ట్రాక్టులో ఎంపిక ప్రశ్నలకు అక్షరంతోపాటు జవాబు కూడా రాయండి.