లైవ్ మిక్సింగ్ కనెక్షన్లు: మన దగ్గర నడిచే అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు ఇప్పుడు చిన్న ఫంక్షన్ హాల్లో పెళ్లికి కూడా రెండు మూడు కెమెరాలు, ఎల్‌ఈడీ స్క్రీన్, యూట్యూబ్ లైవ్ అడుగుతున్నారు. మన పిల్లలకు పని పెరిగింది, సంతోషం. కానీ తాళి కట్టే నిమిషంలో స్క్రీన్ నల్లబడితే అందరూ ముందు మిక్సర్‌నే, అంటే ఏ కెమెరా బొమ్మ స్క్రీన్ మీదికి పోవాలో మార్చే వీడియో పెట్టెనే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు కెమెరాకీ మిక్సర్‌కీ నడుమనే ఉంటుంది.

అపోహ: హెచ్‌డీఎంఐ వైరు ఎంత పొడుగైనా నడుస్తది, కొంచెం క్వాలిటీ తగ్గుతది, అంతే.

పాత ఏవీ వైర్లలో దూరం పెరిగేకొద్దీ బొమ్మ మసకబారేది. హెచ్‌డీఎంఐ డిజిటల్ కాబట్టి హద్దు దాటేదాకా బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. దాటగానే తెల్ల చుక్కలు మెరుస్తాయి, ఆ తర్వాత ఉన్నట్టుండి మొత్తం పోతుంది. మామూలు రాగి వైరును 1080పీకి (ఫుల్ హెచ్‌డీ) 10 మీటర్ల దాకా నమ్ముతాను. 15 మీటర్ల వైరు పొద్దున టెస్టింగ్‌లో బాగానే వచ్చి, సాయంత్రం ఎవరి కాలో తగిలితే పోతుంది.

అంతకు మించిన దూరానికి ఎస్‌డీఐ, అంటే వీడియోను దూరం మోసే ప్రొఫెషనల్ కనెక్షన్ వాడండి. కెమెరా దగ్గర హెచ్‌డీఎంఐని ఎస్‌డీఐగా మార్చే ఒక కన్వర్టర్, మిక్సర్ దగ్గర తిరిగి హెచ్‌డీఎంఐగా మార్చేది ఇంకోటి. మంచి 75 ఓమ్ ఆర్‌జీ6 కేబుల్ (డిష్ టీవీ వైరు లాంటిది) మీద 1080పీ50 (సెకనుకు 50 ఫ్రేములు) సిగ్నల్ 70 మీటర్లు నిశ్చింతగా వస్తుంది. పైగా ఎస్‌డీఐ వైరు కొసన ఉండే బీఎన్‌సీ పిన్ను తిప్పితే లాక్ పడుతుంది. కెమెరాలకుండే చిన్న మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టుకి ఆ భాగ్యం లేదు. వైరు బరువు కెమెరా పోర్టు మీద పడకుండా ట్రైపాడ్‌కు కట్టేయాలి, లేకపోతే పోర్టే విరుగుతుంది.

సీసీ కెమెరాల వైరుకూ బీఎన్‌సీయే కదా అని అది లాగేవాళ్లున్నారు. పిన్ను ఒకటే అయినా లోపలి తీగ సన్నం, దాని చుట్టూ ఉండే లోహపు జాలీ పలచన. 1080పీ50 మోసే 3జీ ఎస్‌డీఐలో సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు పోవాలి, ఆ వైరు ఎక్కువ దూరం మోయలేదు. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ (లోపల ఫైబర్ ఉన్న వైరు) వాడితే సోర్స్, డిస్‌ప్లే అని రాసిన కొసలు చూసుకుని మరీ కార్పెట్ కింద వేయండి. తిరగేస్తే బొమ్మ రాదు.

అపోహ: మిక్సర్ అన్నీ తనే మార్చుకుంటది, కెమెరా సెట్టింగులతో పనిలేదు.

2019లో వచ్చిన ఏటెమ్ మినీ అనే చిన్న మిక్సర్‌లో ప్రతి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కూ ఫార్మాట్ మార్చే సొంత కన్వర్టర్ ఉంది, 1080పీ దాకా మామూలు వీడియో ఫార్మాట్లు తీసుకుంటుంది. అంతకు ముందటి ఏటెమ్ టెలివిజన్ స్టూడియో హెచ్‌డీలో అది లేదు, అన్ని కెమెరాలూ ఒకే ఫార్మాట్‌లో ఉండాల్సిందే. అద్దెకు తెచ్చిన మిక్సర్ ఏ రకమో ముందే అడగండి. కన్వర్టర్ ఉన్నా సరే, సెకనుకు 60 ఫ్రేములతో వచ్చిన వీడియోను 50కి మారిస్తే పల్లకీ కదిలేటప్పుడు బొమ్మ తడబడుతుంది. అందుకే కెమెరాలన్నీ మెనూలో పాల్ (PAL, మన దగ్గరి 50 ఫ్రేముల పద్ధతి) పెట్టి 1080పీ50, షట్టర్ 1/50 లేదా 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్, 1/60 పెడితే చాలా లైట్ల కింద వీడియో మినుకుమంటుంది.

కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే (బొమ్మతోపాటు గుర్తులు కూడా పంపే సెట్టింగ్) ఆఫ్ చేయడం మరవొద్దు. పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ గళ్లు, మూలన బ్యాటరీ గుర్తు పెద్ద స్క్రీన్ మీద కనబడితే ఆ ఇంటివాళ్లకు ఎంత బాధ!

అపోహ: మిక్సర్‌కు లాప్‌టాప్ పెడితే బ్లాక్ వస్తోంది, పోర్టు ఖరాబైంది.

చాలామటుకు అది హెచ్‌డీసీపీ, అంటే కాపీ రక్షణ. ఓటీటీ వీడియోలు, సెట్‌టాప్ బాక్సులు మిక్సర్‌లోకి రావు. ప్రీవెడ్డింగ్ వీడియోను ఫైల్‌గా తీసుకుని మామూలు ప్లేయర్‌లో వేయండి, వస్తుంది.

అపోహ: కెమెరా బొమ్మను గాలిలో పంపే వైర్‌లెస్ సెట్టు ఉంటే వైర్ల లొల్లే ఉండదు.

ఖాళీ హాల్లో నిజమే. చెర్వుగట్టు జాతరలాంటి జనంలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మనుషుల ఒళ్లే పీల్చేస్తుంది. రిసీవర్‌ను టేబుల్ మీద పెట్టకుండా జనం తలల కంటే ఎత్తున, కెమెరాకు నేరుగా కనబడేలా స్టాండుకు బిగించండి. ముఖ్యమైన కెమెరా ఒక్కటైనా వైరు మీదే ఉండాలి. కల్యాణం మళ్లీ చేయించలేం కదా.

అపోహ: సౌండ్ మిక్సర్ నుంచి వీడియో మిక్సర్‌కు ఒక వైరు లాగితే ఆడియో పని అయిపోయినట్టే.

కెమెరా, కన్వర్టర్, మిక్సర్ దాటేసరికి వీడియో కొన్ని ఫ్రేములు వెనకబడుతుంది. ఆడియో నేరుగా వస్తుంది కాబట్టి మంత్రం ముందు వినబడి, పంతులుగారి పెదవులు తర్వాత కదులుతాయి. కెమెరా ముందు చప్పట్లు కొట్టించి, మిక్సర్‌లో రికార్డు చేసి చూడండి. 1080పీ50లో ఒక్కో ఫ్రేము 20 మిల్లీసెకన్లు. చేతులు కలిసే ఫ్రేమూ చప్పుడూ ఒకచోటికి వచ్చేదాకా ఆడియోకు ఆ లెక్కన డిలే పెంచండి. ఆ డిలే లైవ్‌కే ఇవ్వాలి, హాల్లో స్పీకర్లకు వెళ్లే సౌండ్ జోలికి పోవద్దు.