పాత రేంజ్‌ఫైండర్ షట్టర్లు: అపోహలు - వాస్తవాలు

మరమ్మతుకు నా బల్ల మీదికి వచ్చే పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో (లెన్సు గుండా కాకుండా విడి కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేవి) చాలావాటికి నాకంటే ముందే ఎవరో వైద్యం చేసి ఉంటారు. అసలు జబ్బు కంటే ఆ వైద్యాన్ని సరిదిద్దేందుకే నాకు ఎక్కువ సమయం పడుతుంది.

అపోహ: షట్టర్ (ఫిల్ము మీదికి వెలుతురును క్షణకాలం వదిలే తలుపు) బిగుసుకుపోతే చుక్క నూనె వేస్తే సరి.

వాస్తవం: బిగుసుకోవడానికి కారణమే నూనె. కానొనెట్ క్యూఎల్17 వంటి కెమెరాల్లో లెన్సు మధ్యనుండే పల్చటి రేకులు సెకనులో 500వ వంతులో తెరుచుకుని మూసుకోవాలి. అవి పొడిగా ఉంటేనే కదులుతాయి. ఫోకస్ మరలకు రాసిన గ్రీజు ఏళ్లు గడిచేకొద్దీ విడిపోతుంది. అందులోని నూనె మెల్లగా పాకి రేకులకు చేరుతుంది. తడి గాజుపలకల్లా అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఆ మధ్య ఒకాయన కుట్టుమిషన్ నూనె వేసి మరీ తెచ్చారు. రెండు రోజులు చక్కగా పనిచేసిందట! ముందు లెన్సు విప్పితే రేకుల మీద ఇంద్రధనుస్సు రంగులు. లైటర్లో పోసే నాఫ్తాను పుల్లకు కొద్దిగా అద్ది తుడవడం, షట్టర్ నొక్కడం, మళ్లీ తుడవడం. తడి ఉన్నంతసేపు కదిలి, ఆరగానే మొండికేస్తే నూనె ఇంకా మిగిలి ఉన్నట్టే. నాలుగైదుసార్లు తప్పదు. విసుగొచ్చి నాఫ్తాను ధారగా పోశారా, మిగతా చోట్ల ఉన్న గ్రీజు కూడా కరిగి రేకుల మీదికే వస్తుంది.

అపోహ: ఒక సెకను వేగంలో మధ్యలో ఆగిపోతోందంటే స్ప్రింగు పోయినట్టే.

వాస్తవం: 1/250, 1/500 సెకను వంటి ఎక్కువ వేగాలు సరిగ్గా పడుతున్నాయా? అయితే స్ప్రింగు క్షేమం. తక్కువ వేగాల్లో షట్టర్‌ను నిలిపి ఉంచే చిన్న పళ్లచక్రాల వరుస జిడ్డుపట్టింది. దాన్ని కడిగి, ఇరుసులకు మాత్రం గడియారాలవారు వాడే నూనెను సూదిమొనతో తాకించాలి. నూనెకు చోటు అక్కడ.

అపోహ: 1/1000 దగ్గర ఫొటోలో ఒక పక్క నల్లబడితే తెరల స్ప్రింగు బిగించాలి.

వాస్తవం: లైకా, జోర్కీ కెమెరాల్లో రేకులకు బదులు ఫిల్ము ముందు రెండు గుడ్డ తెరలు ఒకదాని వెనుక ఒకటి పరుగెడతాయి. వెనుకది ముందుదాన్ని అందుకుంటే వెలుతురు దారి మూసుకుపోతుంది. ఎక్కువసార్లు కారణం తెరలు చుట్టుకునే రోలర్ల ఇరుసుల్లో ఎండిన జిడ్డు. దాన్ని వదిలేసి స్ప్రింగు బిగిస్తే భారమంతా ముసలి గుడ్డ మీద పడుతుంది. శుభ్రం చేశాకే, అదీ అవసరమైతేనే, బిగింపు.

ఆ గుడ్డకు ఇంకో శత్రువు ఎండ. ఈ కెమెరాల్లో లెన్సుకూ తెరకూ మధ్య అడ్డుగా అద్దం ఉండదు కనుక, మూత తీసి సూర్యుడి వైపు పెడితే లెన్సు భూతద్దమై తెరకు చిల్లు పెడుతుంది. చీకటి గదిలో వెనుక మూత, లెన్సు తీసి బల్బు ముందు పట్టుకోండి, చిల్లులుంటే వెలుతురు చుక్కల్లా కనిపిస్తుంది.

జోర్కీ-4 వేగాలు తప్పుతున్నాయని వచ్చేవారిని నేను ముందు అడిగేది, వేగాల డయల్ ఎప్పుడు తిప్పుతున్నారని. ఫిల్ము తిప్పి షట్టర్ ఎక్కించాకే వేగం మార్చాలి. ముందే తిప్పితే లోపల మరమ్మతు పని నాకు దొరుకుతుంది. యాషికా ఎలక్ట్రో 35 బ్యాటరీ లేకపోతే పూర్తిగా చచ్చినట్టే అనుకోవడమూ పొరపాటే, అది 1/500 దగ్గర పడుతుంది. బ్యాటరీ ఉన్నా తేడా వస్తే, ఫిల్ము తిప్పేటప్పుడు లోపల "టక్" వినిపిస్తోందో లేదో చూడండి. వినిపించకపోతే చిన్న రబ్బరు ముక్క ఒకటి పొడైపోయి ఉంటుంది.

ఇక 1961 నాటి కానన్ 7. దాని ఉక్కు తెర మీద ముడతలు చూసి భయపడి అమ్మేస్తారు. నా సొంత కానన్ 7 తెర నలిగిన కాగితంలా ఉంటుంది, వేగాలన్నీ సరిగ్గా పడతాయి.