మోటారు ఎండబెట్టి స్విచ్ వెయ్యకండి: చెక్కపని షెడ్‌లోకి నీళ్ళొచ్చాక అపోహలు - వాస్తవాలు

నిన్న మళ్ళీ అదే కథ. మర్రిపాలెం నుంచి ఒకాయన ఆటోలో టేబుల్ సా (బల్ల రంపం) మోటారు తెచ్చారు, దించుతుంటేనే కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. "రెండ్రోజులు మేడ మీద ఎండలో పెట్టానండి, చెయ్యి పెడితే చుర్రుమంది, ఇంకేటి ఆరిపోయిందనుకుని స్విచ్ వేశాను" అన్నారు. విశాఖ కంచరపాలెంలో ఇరవై ఏళ్ళ పైబడి మోటార్ వైండింగ్ చేస్తున్నాను, ప్రతి వానాకాలం ఈ మాట వినాల్సి వస్తోంది. ఆయన మొహం చూస్తే కోప్పడబుద్ధి కాలేదు, రిటైరయ్యాక వచ్చిన డబ్బులతో ఇంటి వెనక షెడ్ వేసుకుని ఒక్కో మెషీనూ కొనుక్కున్నారు పాపం. నా కోపమంతా ఆ ఎండ సలహా చెప్పినవాళ్ళ మీదే.

అపోహ: ఎండలో ఆరింది కదా, ఒకసారి స్విచ్ వేసి చూద్దాం, తిరిగితే బాగున్నట్టే.

మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మన చెక్కపని మెషీన్ల మోటార్లు చాలావరకు పొట్టు లోపలికి పోకుండా మూసేసి ఉంటాయి. నీళ్ళు షాఫ్ట్ పక్క నుంచీ, టెర్మినల్ బాక్స్‌లో వైరు దూరే కన్నం నుంచీ మెల్లగా దిగిపోతాయి, కానీ వచ్చిన దారిన ఆవిరై పోవడానికి చోటుండదు. బయట బాడీ కాలిపోతున్నా లోపల కాయిల్ కూర్చునే గాడుల్లో వేసే స్లాట్ కాగితం కింద, కాయిల్ తీగల సందుల్లో తడి అలాగే కూర్చుంటుంది. నిన్నటి మోటారు సైడ్ కవర్ సుత్తితో మెల్లగా కొట్టి లాగితే అర గ్లాసుడు గెడ్డ నీళ్ళు బెంచీ మీద పడ్డాయి, కాయిల్స్ మధ్య బురద నల్లగా పేస్టులా పట్టేసి ఉంది, వేలితో గీస్తే గోరులోకి వచ్చింది. రెండ్రోజులు ఎండలో పెట్టిన మోటారు ఇది! దానికి 230 వోల్టులు ఇస్తే బురద నీటి గుండా కరెంట్ బాడీకి పాకుతుంది, లేదా ఒక కాయిల్ నుంచి ఇంకో కాయిల్‌కి దూకుతుంది. తీగ మీది ఎనామిల్ పూత కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఎర్తింగ్ సరిగ్గా లేని షెడ్ అయితే మోటారు సంగతి తర్వాత, ముందు మనిషికే ప్రమాదం.

కొన్ని తిరుగుతాయి కూడా, అదే ఇంకా మోసం. పది రోజులు బాగానే తిరిగి, బేరింగ్ తుప్పు పట్టి గరగరమని, ఆ తర్వాత వైండింగ్ పోతుంది, అప్పటికి వరద సంగతి మనకి గుర్తే ఉండదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రేకులు ఎగిరిపోయి వర్షమంతా షెడ్లలోకే కురిసింది. చాలా వీధులకి రోజుల తరబడి కరెంట్ లేదు. ఆలోచిస్తే మోటార్లు విప్పించుకోవడానికి అంత మంచి టైమ్ మళ్ళీ దొరకదు, కానీ ఎవరూ తేలేదు. కరెంట్ వచ్చిన మర్నాడు పొద్దున మాత్రం నా షాపు ముందు వరసగా కాలిన మోటార్లే. సర్వీసింగ్‌తో పోయేదానికి రీవైండింగ్, అంటే కాయిల్ తీగ మొత్తం కొత్తగా చుట్టడం, మూడు నాలుగు రెట్లు ఖర్చు, ఇల్లే పాడైపోయిన మనిషిని ఆ డబ్బు అడగడం నాకూ కష్టంగానే ఉండింది.

మరి ఏం చెయ్యాలి అంటే, ముందు మెయిన్ ఆఫ్ చెయ్యండి, ఇన్వర్టర్ కూడా, వీధిలో కరెంట్ లేదని ధైర్యంగా తడి నేల మీద నడవకండి, ఇన్వర్టర్ లైన్ లైవ్‌లోనే ఉంటుంది. తర్వాత మోటారు విప్పించి మంచినీళ్ళతో కడిగించండి. అవును, మళ్ళీ నీళ్ళే! ఈ మాట చెప్తే అందరూ నావైపు అదోలా చూస్తారు, "తడిసి చచ్చిందిరా బాబూ అంటే ఇంకా తడుపుతావేటి" అని ఒక పెద్దాయన నిజంగానే కసిరారు. కానీ ఇన్సులేషన్‌ని తినేసేది నీళ్ళకన్నా అందులోని బురద, ఉప్పు. అవి ఎండి అంటుకున్నాక పొమ్మన్నా పోవు, గాలిలో తేమ లాక్కుంటూనే ఉంటాయి, మనది సముద్రం ఊరు మరి. కడిగాక ఓవెన్‌లో గానీ బల్బులు పెట్టిన పెట్టెలో గానీ 80 డిగ్రీల దగ్గర, 90 దాటకుండా గంటల తరబడి ఆరబెడతాం. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరుతో చూస్తాం. 1 మెగాఓమ్ కూడా రాకపోతే సప్లై ఇవ్వనే కూడదు, నేనైతే 5 దాటి, రీడింగ్ నిలకడగా ఉంటేనే చేతికిస్తాను. ఇంట్లో మల్టీమీటర్ పెట్టి "చూశాను, బాడీకి షార్ట్ లేదు" అంటారు, అది చిన్న బ్యాటరీతో చూసే మీటరు, 230 దగ్గర ఏం జరుగుతుందో దానికి తెలీదు. బేరింగులు, కెపాసిటర్ కొత్తవి వేయించండి, అక్కడ పిసినారితనం వద్దు. కరెంట్ ఎక్కువైతే, లీకైతే లైన్ ఆపేసే ఎంసీబీ, ఆర్‌సీసీబీ తడిస్తే ఆరబెట్టి వాడేవి కావు, మార్చెయ్యడమే.

2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను వానలకి గోపాలపట్నం దగ్గర ఒక మాస్టారి షెడ్ నడుం లోతు మునిగింది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "బాబూ, లేత్ పోయినట్టేనా" అని అడిగారు, గొంతు వణుకుతోంది. మనవరాలికి టేకుతో ఉయ్యాల తొట్టి చేస్తున్నారట, సగంలో ఉంది. ఏమీ ముట్టుకోకండి మాస్టారూ, స్విచ్ బోర్డు వైపే వెళ్ళకండి అన్నాను. ఆయన నా మాట విన్నారు. మోటారు కడిగి, ఆరబెట్టి, బేరింగులు మార్చి ఇస్తే ఈరోజుకీ తిరుగుతోంది.

కానీ ఆయన అల్లుడు సాయం చేద్దామని టేకు పలకలన్నీ మేడ మీద మండే ఎండలో పరిచేశాడు. ఇది రెండో అపోహ, చెక్క ఎంత తొందరగా ఆరితే అంత మంచిదని. పైపొర గబగబా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడిగానే ఉంటుంది, దాంతో చివర్ల నుంచి బీటలు తీస్తుంది. వెళ్ళి చూసేసరికి ఒక్కో పలక చివర నా అరచేతి పొడవు పగుళ్ళు. నీడలో, గాలి ఆడేచోట, పలకకీ పలకకీ మధ్య సన్నటి బద్దలు పెట్టి, చివర్లకి మైనమో పెయింటో పూసి, పైన బరువు పెట్టి వారాల తరబడి వదిలెయ్యాలి. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్క 14 శాతం దగ్గర ఆగిపోతుంది, మీరెన్ని ఫ్యాన్లు పెట్టినా అంతే.

ప్లైవుడ్ అంతా వాటర్‌ప్రూఫ్ కాదు. ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ అయితే తేమకి ఓర్చుకుంటుంది గానీ మునిగితే పొరలు విడిపోతుంది, ఐఎస్ 710 మెరైన్ అయితే బతుకుతుంది. చెక్క పొట్టు అతికించి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఉబ్బితే వాటి మీద ఆశ పెట్టుకోకండి.

తుప్పు పట్టిన ఉలి, రంపం, చిత్రిక బ్లేడు పోయినట్టు కాదు, పోయేవి వాటిని తుక్కుకి అమ్మేసిన మీ డబ్బులే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, తోమి, వెంటనే తుడిచి నూనె రాయండి. క్యాస్ట్ ఐరన్ టేబుల్‌కి కిరోసినూ సన్న ఎమెరీ చాలు. డబ్ల్యూడీ-40 నీటిని తోసేస్తుంది, నెలల తరబడి తుప్పు ఆపదు, పైన గ్రీజో వ్యాక్సో ఉండాలి. బూజుకని షెడ్‌లో బ్లీచింగ్ పౌడర్ జల్లేస్తారు, అది ఇనుముకి విషం.

బ్యాటరీ డ్రిల్ బియ్యం డబ్బాలో పెట్టామని ఈ మధ్య చాలామంది చెప్తున్నారు. దయచేసి వద్దు. మునిగిన లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోనే ఉంచకండి, ఆరుబయట అంటుకునేవి లేనిచోట పెట్టండి, లోపల షార్టయి రోజుల తర్వాత కూడా మంటలు రావచ్చు.

నా దగ్గరకే కాదు, మీ పక్కనున్న ఏ వైండింగ్ షాపుకి తీసుకెళ్ళినా మోటారుతో పాటు స్విచ్, కెపాసిటర్ కూడా తీసుకెళ్ళండి, విప్పేముందు వైర్లు ఏ రంగుది ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బురద కడగక ముందు షెడ్ మొత్తం కూడా ఫోటోలు తియ్యండి, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి అవే ఆధారం. నేమ్‌ప్లేట్ తుడిచి దానిదీ ఒకటి తియ్యండి. స్విచ్ ఒకసారి వేసేసి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు, ఎక్కడ వెతకాలో మాకు తెలుస్తుంది.