టాస్క్ బోర్డు నుంచి సోషల్ మీడియాకు: ఆటోమేషన్‌పై అపోహలు, వాస్తవాలు

ద్వారకానగర్‌లో చీరల దుకాణం నడుపుతున్న ఒక పెద్దాయన మా మొదటి సమావేశంలోనే సూటిగా అడిగారు: “ఇది పెట్టించుకుంటే మా అబ్బాయి ఇక ఫోను పట్టుకోనక్కర్లేదు కదండీ?” విశాఖపట్నంలో చిన్న వ్యాపారాలకు టాస్క్ మేనేజర్లను (చేయవలసిన పనులు రాసుకునే యాప్‌లను) సోషల్ మీడియాతో కలిపి ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ట్రెల్లోలోనో టోడూయిస్ట్‌లోనో రాసుకున్న పని, యాప్‌లను ఒకదానితో ఒకటి కలిపే జాపియర్, మేక్ వంటి సాధనాల మీదుగా ఫేస్‌బుక్ పేజీకీ ఇన్‌స్టాగ్రామ్‌కూ దానంతట అదే చేరేలా చేయడం నా పని. పనులన్నీ వరుసలుగా కనబడే తెరను బోర్డు అనీ, అందులోని ఒక్కో పనిని కార్డు అనీ, బోర్డులో జరిగే మార్పును ట్రిగ్గర్ అనీ, దాన్ని చూసి మరోచోట జరిగే పనిని యాక్షన్ అనీ అంటాము. చెప్పడానికి ఇంత తేలికగా ఉండటం వల్లనే కాబోలు, దీని చుట్టూ అపోహలు కూడా బాగానే పేరుకున్నాయి.

అపోహ: ఒకసారి కలిపేస్తే ఇక మనిషితో పని లేదు.

వాస్తవం: మనం తీసుకున్న నిర్ణయాన్ని ఆటోమేషన్ మోసుకుపోగలదు గానీ, ఆ నిర్ణయం ఇవాళ్టికి తగినదా కాదా అన్నది దానికి తెలియదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ళ క్రితం ఒక పర్యాటక సంస్థకు నేను అమర్చిన ఏర్పాటులో, కార్డు మీద వేసిన తేదీ రాగానే పోస్టు వెళ్ళిపోయేది. ఈ సాయంత్రం రుషికొండ తీరానికి పడవ షికారుకు రండి అంటూ వారం ముందే రాసిపెట్టిన పోస్టు, తుపాను హెచ్చరిక వచ్చి తీరం వైపు ఎవరూ వెళ్ళవద్దని అధికారులు చెబుతున్న రోజు ఉదయాన్నే వెలువడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును కళ్ళారా చూసిన ఊరిది. ఆ పోస్టు కింద వచ్చిన వ్యాఖ్యలు ఎలా ఉన్నాయో చెప్పనక్కరలేదు. సాధనం చెప్పిన పని చెప్పినట్టే చేసింది. తేదీ వేయడాన్నే అనుమతిగా లెక్కగట్టిన తప్పు నాది.

అప్పటి నుంచి నేను అమర్చే ప్రతి బోర్డులోనూ నాలుగు వరుసలు ఉంటున్నాయి: రాసినవి, చూసినవి, వెళ్ళవలసినవి, వెళ్ళినవి. ఆటోమేషన్ మూడో వరుసను మాత్రమే గమనిస్తుంది. అందులోకి కార్డును జరిపే అధికారం దుకాణంలో ఒక్కరికే, పేరు పెట్టి మరీ అప్పగిస్తాము. పోస్టు పడగానే దాని లింకు కార్డు కింద వ్యాఖ్యగా చేరి, కార్డు నాలుగో వరుసకు మారుతుంది కనుక, ఏది వెళ్ళిందో ఏది వెళ్ళలేదో ఎవరినీ అడగనక్కరలేదు. వీటికి తోడు, బోర్డు పైభాగంలో “అన్నీ ఆపు” అనే ఒక కార్డు ఉంటుంది. ప్రతి పోస్టుకు ముందు ఆటోమేషన్ ఆ కార్డు ఏ వరుసలో ఉందో చూసుకుంటుంది; దాన్ని ఆ నాలుగూ కాక విడిగా ఉంచిన ‘ఆగినవి’ అనే వరుసలోకి జరిపితే చాలు, ఏ పోస్టూ బయటికి కదలదు. వాయుగుండం కబురు వచ్చిన రోజున యజమాని ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చేయగలిగిన పని అది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఆ అవసరం ఎప్పుడైనా రావచ్చు.

అపోహ: ఏ ఖాతాకైనా, ఏ ఫోటోనైనా పంపవచ్చు.

వాస్తవం: వ్యక్తిగత ఫేస్‌బుక్ ప్రొఫైల్‌లో బయటి యాప్‌లు నేరుగా పోస్టు చేసే వీలును ఆ సంస్థ 2018 ఆగస్టు 1 నుంచి తీసివేసింది, పేజీ ఉంటేనే పని జరుగుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ బిజినెస్ లేదా క్రియేటర్ ఖాతాలకే ఆ సౌకర్యం ఉంది. ఖాతా సరైనదే అయినా ఫోటో దగ్గర బండి ఆగుతుంది. ఏపీఐ (బయటి యాప్‌ల కోసం వేదిక తెరిచి ఉంచే అధికారిక దారి) ద్వారా వెళ్ళే ఫోటో జేపెగ్ రూపంలో, ఎవరైనా తెరవగల వెబ్ చిరునామాలో ఉండాలి. కార్డుకు జతచేసిన ఫోటో తరచూ లాగిన్ అయినవారికే తెరుచుకుంటుంది కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ సర్వరుకు అది కనబడదు. పైగా ఫీడ్‌లో వెళ్ళే ఫోటో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:5కూ 1.91:1కూ మధ్యన ఉండాలి. చీర కుచ్చిళ్ళ నుంచి పైట కొంగు దాకా కనబడాలని ఫోనును నిలువుగా పట్టి, తెర నిండా తీసిన 9:16 ఫోటో ఆ కొలతకు సరిపోక వెనక్కి వస్తుంది. నేను చూసిన వైఫల్యాల్లో చాలావరకు ఇటువంటివే.

అపోహ: 9 గంటలకని పెడితే 9 గంటలకే పడుతుంది.

వాస్తవం: భారత కాలమానం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది. సాధనంలో టైమ్ జోన్ సరిచేయకుండా యూటీసీకే వదిలేస్తే, ఉదయం 9 గంటలకని రాసిన పోస్టు మధ్యాహ్నం 2:30కు వెలువడుతుంది. వేడివేడి పెసరట్టు ఉప్మా సిద్ధంగా ఉందన్న టిఫిన్ హోటల్ వారి పోస్టు ఆ వేళకు పడితే, అది చూసి వచ్చినవారికి దొరికేది భోజనమే. మరో ఆలస్యం సాధనం పనితీరులోనే ఉంది. మార్పు జరిగిన వెంటనే కబురు అందించే వెబ్‌హుక్ పద్ధతి ఒకటి, నిర్ణీత వ్యవధికి ఒకసారి వెళ్ళి మార్పు ఉందా అని చూసివచ్చే పద్ధతి మరొకటి. జాపియర్ ఉచిత ప్లాన్‌లో ఈ రెండో పద్ధతి వ్యవధి 15 నిమిషాలు.

అపోహ: తెలుగు క్యాప్షన్ అయినా, ఇంగ్లిష్ క్యాప్షన్ అయినా యంత్రానికి ఒకటే.

వాస్తవం: ఎక్స్‌లో (పాత పేరు ట్విట్టర్) సాధారణ ఖాతాకు పరిమితి 280 అక్షరాలు. అయితే ఆ అక్షరం మన బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. “లక్ష్మి” కంటికి రెండక్షరాలే. యంత్రం మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని విడగొట్టి 7గా లెక్కిస్తుంది. మనకు అయిదక్షరాల “విశాఖపట్నం” దానికి 10. అందుచేత ఫేస్‌బుక్‌కు రాసిన తెలుగు క్యాప్షన్‌నే యథాతథంగా ఎక్స్‌కు పంపితే ఎక్కువసార్లు తిరస్కరణకు గురవుతుంది. అది చాలదన్నట్టు, 280 దగ్గర కత్తిరించమని సాధనానికి చెబితే గుణింతం మధ్యలో కోసి, మాట అర్థమే మార్చి పంపుతుంది. కార్డులో ఎక్స్ కోసం విడిగా ఒక గడి పెట్టి, అందులోకి చిన్న క్యాప్షన్‌ను మనిషి చేతనే రాయించడం నాకు నచ్చిన పద్ధతి.

అపోహ: ఉచిత ప్లాన్ సరిపోతుంది.

వాస్తవం: లెక్క వేసి చూడండి. జాపియర్ ఉచిత ప్లాన్‌లో నెలకు 100 టాస్కులు. సఫలమైన ప్రతి యాక్షనూ ఒక టాస్కే. ఒక పోస్టును మూడు చోట్లకు పంపి, లింకును కార్డు కింద రాసి, కార్డును జరిపితే అయిదు టాస్కులు అయిపోయాయి. రోజుకొక పోస్టు చొప్పున నెలకు 150. మేక్‌లో నెలకు 1000 క్రెడిట్లు ఉచితం అనగానే చాలామంది సంతోషిస్తారు గానీ, అక్కడ మార్పు ఉందా అని చూసివచ్చిన ప్రతిసారీ, ఏమీ దొరక్కపోయినా, ఒకటి ఖర్చవుతుంది. 15 నిమిషాలకు ఒకసారి చొప్పున రోజుకు 96, నెలకు 2880. అంటే ఒక్క పోస్టు పడకపోయినా పదకొండో రోజుకే ఖాతా ఖాళీ. దుకాణం తెరిచి ఉన్న వేళల్లోనే, గంటకొకసారి చూసేలా అమర్చితే అదే 1000 నెలంతా వస్తుంది.

అపోహ: బయటి సాధనంతో పోస్టు చేస్తే రీచ్ (పోస్టును చూసేవారి సంఖ్య) పడిపోతుంది.

వాస్తవం: అధికారిక ఏపీఐ ద్వారా వెళ్ళే పోస్టును వేదికలు కావాలని అణచివేస్తాయని నేను నమ్మను. తేడా మరోచోట ఉంది: ఇన్‌స్టాగ్రామ్ సంగీత భాండాగారంలోని పాటలను, స్టోరీలలోని పోల్ స్టిక్కర్లను ఏపీఐ ద్వారా జోడించే వీలు లేదు. రీల్స్ మీద ఆధారపడే వ్యాపారాలకు నేను పూర్తి ఆటోమేషన్ సూచించను. వేళకు గుర్తుచేసే సందేశం పంపిస్తాను, పాట ఎంచుకుని పోస్టు చేయడం వారి చేతికే వదిలేస్తాను.

అపోహ: ఆగిపోతే మనకు తెలుస్తుంది కదా.

వాస్తవం: తెలియదు. ఒక దుకాణంలో పేజీ అనుసంధానం అంతా ఒక ఉద్యోగి ఫేస్‌బుక్ ఖాతా మీద నడిచేది. అతను మానేశాక పేజీ నుంచి అతని పేరు తీసేశారు. దానితో అనుసంధానమూ తెగిపోయింది. వైఫల్యం గురించిన ఈమెయిళ్ళు ఎవరూ చూడని చిరునామాకు వెళ్తూ ఉండగా, తొమ్మిది రోజుల తరువాత, దసరా అమ్మకాల మధ్యలో, ఒక కొనుగోలుదారు అడిగితే గానీ సంగతి బయటపడలేదు. సాధనానికి మనం ఇచ్చే అనుమతి టోకెన్ (ఒక డిజిటల్ తాళంచెవి) రూపంలో ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చినా అది చెల్లకుండా పోవచ్చు, ఇన్‌స్టాగ్రామ్ దీర్ఘకాలిక టోకెన్‌కైతే గడువే 60 రోజులు. కాబట్టి అనుసంధానం యజమాని ఖాతా మీద ఉండాలి, పేజీకి మరొక నిర్వాహకుడూ ఉండాలి. వైఫల్యం ఎదురైనప్పుడు అదే బోర్డులో ఎర్ర లేబులుతో ఒక కార్డు పుట్టేలా చేయాలి. రోజూ చూసే చోట కనబడితేనే ఎవరైనా పట్టించుకుంటారు.

అపోహ: వ్యాఖ్యలన్నీ టాస్కులుగా మారితే ఒక్క బేరమూ చేజారదు.

వాస్తవం: అన్నీ మారిస్తే “సూపర్”లతో, నమస్కారం బొమ్మలతో బోర్డు నిండి, రెండో రోజే దాన్ని చూడటం మానేస్తారు. “ధర”, “ఎంత”, “స్టాక్”, “అడ్రస్” వంటి మాటలున్న వ్యాఖ్యలనే వడకట్టాలి. అందులోనూ “rate entha”, “rate please” అని ఇంగ్లిష్ లిపిలో రాసేవారే ఎక్కువ కనుక, మాటల పట్టికలో ఆ రూపాలన్నీ ఉండాలి. మెసెంజర్‌లో అయితే గడియారం కూడా తిరుగుతుంది: కొనుగోలుదారు చివరి సందేశం వచ్చిన 24 గంటల లోపే వ్యాపారం మామూలుగా బదులు పంపగలదు. ఆదివారం సెలవు పెట్టే దుకాణంలో శనివారం రాత్రి వచ్చిన ప్రశ్నకు సోమవారం ఉదయం దాకా జవాబు లేకపోతే ఆ తలుపు మూసుకుపోయినట్టే. అందువల్ల అలా పుట్టే ప్రతి కార్డుకు గడువును సందేశం వచ్చిన సమయానికి 20 గంటలు కలిపి వేస్తాను. ఆ నాలుగు గంటల వెసులుబాటు, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసి లేచినవారు కూడా ఒకసారి బోర్డు తెరిచి జవాబు రాయడానికి సరిపోతోంది.