ఐవీ ఎండిపోతోందా? ముందు చేతిలో చెంబు కింద పెట్టండి

మాది కడియం. బెంగళూరులో ఇళ్లకీ ఆఫీసులకీ వెళ్లి కుండీ మొక్కలు చూసుకోవడం నా పని. ఐవీ అంటే ఇంట్లో అందానికి కుండీలో పెంచుకునే తీగ మొక్క. మారతహళ్లి వైపు మనవాళ్ల ఫ్లాట్లలో శివరాత్రి దాటిందంటే ఒకటే గోల: "అన్నా, ఐవీ ఎండిపోతోంది, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా!" ఆ 'రోజూ' దగ్గరే నాకు సగం జబ్బు తెలిసిపోతుంది.

అపోహ: ఆకులు ఎండాయంటే నీళ్లు చాలలేదు.

వాస్తవం: వేరు కుళ్లినా ఆకు ఎండుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మట్టి బురదగా ఉన్నా తీగ దాహంతో పోతుంది. మనం జాలిపడి ఇంకో చెంబు పోస్తాం. మొన్న ఒకచోట పింగాణీ కుండీలోంచి లోపలి ప్లాస్టిక్ కుండీ పైకి తీస్తే అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, మురుగు వాసన. పై కుండీకి చిల్లే లేదు!

మట్టిలోకి వేలు ఒక కణుపు దాకా గుచ్చి చూడండి. అంతవరకూ పొడిగా ఉంటేనే నీళ్లు. తడిగా ఉన్నా తీగ వాడిపోతుంటే మొక్కను బయటికి లాగండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లు బతికున్నట్టు. గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే తొక్క జారి చేతికొచ్చేవి పోయినట్టే, కత్తిరించేయండి. మిగిలిన వేళ్లకు సరిపడా చిన్న కుండీలో, నీరు త్వరగా దిగిపోయే కొత్త మట్టిలో నాటండి. పెద్ద కుండీ పెడితే తడి ఆరక కథ మళ్లీ మొదటికే.

అపోహ: చలిదేశం మొక్క కాబట్టి ఏసీ గదిలో హాయిగా ఉంటుంది.

వాస్తవం: చలిదేశం మాట నిజమే. ఐరోపా తీగ, 10 నుంచి 21 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి డిసెంబరు దానికి పండగే. మా కడియం ఎండల్లో అయితే నేను ఆశే పెట్టుకోను. కానీ ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది. పొడిగాలి అంటే ఎర్రనల్లికి పెళ్లి భోజనం. బెండ తోటల్లో రైతుల్ని ఏడిపించే నల్లి జాతే ఇది.

ఆకుమీద సూదితో పొడిచినట్టు పాలిపోయిన చుక్కలు, కాడల సందుల్లో సాలెగూడు లాంటి సన్నటి బూజు కనిపిస్తే తెల్లకాగితం మీద ఆకును దులపండి. పడిన నలుసులు నడుస్తుంటే అనుమానమే అక్కర్లేదు. సింకులో కొళాయి కింద ఆకుల అడుగు భాగం బాగా కడగండి. ఎండాకాలంలో గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం చాలు, అందుకే నాలుగైదు రోజులకోసారి, మూడు వారాల పాటు కడగాలి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎనిమిది కాళ్ల నల్లి సాలీడు చుట్టం, పురుగు కాదు. దుకాణంలో ఇచ్చే మామూలు పురుగుమందుతో చాలాసార్లు నల్లిని తినే మంచి పురుగులు చస్తాయి, నల్లి మిగులుతుంది.

అపోహ: నీరసించింది, కాస్త ఎరువు వేస్తే లేస్తుంది.

వాస్తవం: లంఖణాల్లో ఉన్నవాడికి గారెలు పెట్టినట్టు! కొత్త చిగురు వచ్చేదాకా ఏమీ వేయకండి.

అపోహ: ఐవీ ఇంట్లో గాలి శుభ్రం చేస్తుంది.

వాస్తవం: ఈ మాటకి మూలమైన 1989 నాటి నాసా పరీక్ష మూసిన పెట్టెల్లో చేసింది. మన ఇంట్లో తలుపులు, కిటికీలు ఉంటాయి. అందం కోసం పెంచుకోండి, చాలు. పిల్లి, కుక్క ఉంటే మాత్రం అందకుండా ఎత్తున వేలాడదీయండి, ఆకులు తింటే వాటికి విషం.

అపోహ: ఆకులన్నీ రాలాయి, ఇక పారేయాల్సిందే.

వాస్తవం: తీగను గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. పచ్చగా ఉన్నంతవరకూ ఉంచి పైది కోసేయండి. కోసినచోట కారే రసం చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, గ్లోవ్స్ వేసుకోండి. ఆకులున్న కొస ఎక్కడైనా మిగిలితే జానెడు ముక్క కోసి, కింది ఆకులు తీసేసి, కణుపు మునిగేలా గాజుగ్లాసు నీళ్లలో పెట్టండి. తూర్పు కిటికీ దగ్గరైతే నెల లోపే వేళ్లొస్తాయి. నల్లి పట్టిన మొక్క ముక్కైతే కడిగాకే పెట్టండి, పక్కనున్న మనీప్లాంటుకి అంటించకుండా.